ఉచిత న్యాయ సహాయం: ఆదాయం అడిగేది ఎవరిని?

ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందే హక్కు పేదవారికే ఉంటుందనీ, పేదరికానికి రుజువుగా తెల్ల రేషన్ కార్డో తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రమో చూపించి తీరాలనీ జనంలో స్థిరపడిన అభిప్రాయం సగం మాత్రమే నిజం. ఆ మిగిలిన సగం తెలియకపోవడం వల్లనే హయత్‌నగర్, వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల నుంచి ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయానికి వచ్చే వారిలో అర్హత ఉన్నవారు కూడా అప్పు చేసి ఫీజు కట్టడమో, కేసునే వదులుకోవడమో జరుగుతూ ఉంటుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ఈ సహాయానికి అర్హులైన వారిని ఎనిమిది వర్గాలుగా పేర్కొంటుంది. వాటిలో ఆదాయాన్ని కొలమానంగా తీసుకున్నది ఒక్కటే, అదీ వరుసలో చిట్టచివరిది. తక్కిన ఏడు వర్గాల వారిని నీ సంపాదన ఎంత అని అడిగే అధికారం ఆ చట్టం ఎవరికీ ఇవ్వలేదు.

ఈ ఏర్పాటుకు మూలం రాజ్యాంగంలోని 39-ఎ అధికరణం. 1976లో చేసిన 42వ సవరణ ద్వారా చేరిన ఈ అధికరణం, ఆర్థిక స్థితి వల్ల గానీ మరే ఇతర అశక్తత వల్ల గానీ ఏ పౌరుడికీ న్యాయం పొందే అవకాశం దూరం కాకుండా చూడవలసిన బాధ్యతను రాజ్యానికి అప్పగించింది. ‘మరే ఇతర అశక్తత’ అన్న మాటను గమనించకుండా ముందుకు పోతే 12వ సెక్షన్ స్వరూపం అర్థం కాదు. డబ్బు లేకపోవడం ఒక్కటే మనిషిని కోర్టు గుమ్మం దగ్గర ఆపేది కాదనీ, కులం, లింగం, వయసు, వైకల్యం, నిర్బంధం కూడా అదే పని చేస్తాయనీ రాజ్యాంగ సవరణ చేసినవారు అప్పటికే గుర్తించారు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గుతున్న విచారణ ఖైదీల స్థితిని పరిశీలించిన సుప్రీంకోర్టు, ఉచిత న్యాయ సహాయాన్ని 21వ అధికరణం హామీ ఇచ్చే జీవించే హక్కులో భాగంగా ప్రకటించింది. ఆ తరువాత 1987లో చట్టం వచ్చినా, అది అమలులోకి రావడానికి 1995 నవంబరు 9 దాకా పట్టింది. ఏటా ఆ తేదీన న్యాయ సేవల దినోత్సవం జరుపుతున్నారు గానీ, ఆమోదానికీ అమలుకూ మధ్య గడిచిన ఆ ఎనిమిదేళ్ల సంగతి ఆ సభల్లో ఎవరూ ఎత్తరు.

ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హత పొందేవారు ఎవరో చూస్తే ఈ చట్టం పరిధి ఎంత విశాలమైనదో తెలుస్తుంది. షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు చెందినవారు, మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరీకి గురైనవారు, స్త్రీలు, పిల్లలు, వైకల్యం గలవారు, వరద, కరువు, భూకంపం, పారిశ్రామిక ప్రమాదం, కుల అత్యాచారం వంటి తాము కోరి తెచ్చుకోని ఆపదలకు గురైనవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఈ ఏడు వర్గాలలోకి వస్తారు. స్త్రీ అయితే చాలు, ఆమె ఇళ్లలో పాచిపని చేసుకునే మనిషా, దిల్‌సుఖ్‌నగర్‌లో సొంత కోచింగ్ సెంటరు నడిపే యజమానురాలా అన్న తేడా చట్టానికి లేదు. దీనిని దుబారాగా చూసేవారు లేకపోలేదు. అయితే గృహహింస కేసు వేయబోయే భార్యకు కాగితం మీద ఎంత ఆదాయం ఉన్నా, ఆమె బ్యాంకు కార్డు భర్త జేబులో ఉండే ఇళ్లు ఈ నగరంలో తక్కువేమీ కావు గనుక, కుటుంబ ఆదాయాన్ని లెక్కగట్టి ఆమె అర్హతను తేల్చడం అంటే ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నదో ఆ మనిషి సంపాదననే ఆమెకు అడ్డుగోడగా నిలపడం అవుతుంది. శాసనకర్తలు ఈ చిక్కులోకి దిగకుండా స్త్రీలందరికీ తలుపు తెరిచి ఉంచడమే సబబు. హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన హయత్‌నగర్ ఆడపడుచులకు ఈ సంగతి ఇంకా సరిగా చేరలేదంటే లోపం చట్టానిది కాదు, ప్రచారానిది.

నిర్బంధంలో ఉన్నవారి విషయం మరింత స్పష్టం. పోలీసులు అరెస్టు చేసి మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచిన వ్యక్తి లక్షాధికారి అయినా, ఆ క్షణాన అతడికి న్యాయవాది లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోరవచ్చు; అతడు అడగలేదు గనుక ఇవ్వలేదన్న సమాధానం చెల్లదని 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిందితుడిని మొదటిసారి హాజరుపరచినప్పుడే ఈ హక్కు గురించి అతడికి చెప్పడం మేజిస్ట్రేటు విధి అని 2012లో అజ్మల్ కసబ్ అప్పీలు తీర్పులో అదే న్యాయస్థానం మరింత గట్టిగా చెప్పింది. చర్లపల్లి కేంద్ర కారాగారంలో ఉన్న రిమాండ్ ఖైదీ తరఫున ఎల్బీ నగర్ కోర్టులో బెయిలు దరఖాస్తు వేయవలసి వచ్చినప్పుడు అతడి కుటుంబం మీసేవ కేంద్రం చుట్టూ ఆదాయ పత్రం కోసం తిరగనవసరం లేదు. ఇటువంటి క్రిమినల్ కేసుల కోసమే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ, వాడుకలో నల్సా, 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ప్రభుత్వం తరఫున వాదించడానికి పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉన్నట్లే, నిందితుడి తరఫున వాదించడమే పూర్తికాలపు పనిగా గల న్యాయవాదుల కార్యాలయం ఒకటి జిల్లా కేంద్రంలో ఉండాలన్నది దీని ఉద్దేశం.

ఇన్ని వర్గాలను తీసివేస్తే ఆదాయ పరీక్షకు మిగిలేది ఎవరు? ఎస్సీ, ఎస్టీ వర్గాలకు చెందని, వైకల్యం లేని, జైలులో లేని, కర్మాగారంలో పని చేయని, ఏ విపత్తుకూ గురికాని వయోజన పురుషుడు. మరో మాటలో చెప్పాలంటే, హయత్‌నగర్ పరిసరాల్లో కనిపించే బీసీ, ముస్లిం, అగ్రవర్ణ కుటుంబాలకు చెందిన ఆటో డ్రైవరు, అపార్టుమెంటు వాచ్‌మన్, తాపీ మేస్త్రీ, దుకాణంలో గుమాస్తా. వెనుకబడిన తరగతులకు విద్యలోనూ ఉద్యోగాల్లోనూ రిజర్వేషన్లు ఉన్నాయి కాబట్టి ఇక్కడా ఏదో ఒక మినహాయింపు ఉండి ఉంటుందని చాలామంది అనుకుంటారు. 12వ సెక్షన్‌లో అటువంటిది లేదు. గీత కార్మికుడైనా, చేనేత వృత్తిదారుడైనా పురుషుడైతే ఆదాయ పరిమితి అనే ఒక్క తోవనే రావాలి. కనుక ఆదాయ పరిమితి ఎంత ఉండాలన్న చర్చ నిజానికి ఈ ఒక్క మనిషి గురించిన చర్చ.

చట్టంలో అచ్చయిన అంకె చూస్తే ఇప్పటి పాఠకుడికి నవ్వు రావచ్చు. సుప్రీంకోర్టు కాక ఇతర న్యాయస్థానాల్లో కేసులకు ఏడాదికి 9,000 రూపాయలు, సుప్రీంకోర్టులో కేసులకు 12,000 రూపాయలు అన్నది అందులోని పరిమితి, అంటే నెలకు 750 రూపాయలు, 1,000 రూపాయలు. అయితే అంతకంటే ఎక్కువ మొత్తాన్ని నిర్ణయించే అధికారాన్ని మొదటి దాని విషయంలో రాష్ట్ర ప్రభుత్వానికీ, రెండవ దాని విషయంలో కేంద్ర ప్రభుత్వానికీ అదే వాక్యం అప్పగించింది. ఆ అధికారంతోనే సుప్రీంకోర్టు కేసుల పరిమితిని కేంద్రం దశలవారీగా పెంచుతూ 5 లక్షల రూపాయలకు చేర్చింది. రాష్ట్రాల పరిమితులు ఒకే తీరున లేవు. ఆంధ్రప్రదేశ్‌లో అది 3 లక్షలు, మొత్తంగా తెలుగునాట న్యాయ విజ్ఞాన సదస్సుల్లోనూ పత్రికా ప్రకటనల్లోనూ ఇప్పుడు తరచుగా వినిపించేదీ ఆ అంకే. ధరల పెరుగుదలతో పాటు పరిమితి దానంతట అదే పెరిగే ఏర్పాటు చట్టంలో లేనందున, ప్రభుత్వం కొత్త ఉత్తర్వు ఇచ్చినప్పుడే అది మారుతుంది. దరఖాస్తు చేసేనాటికి అమలులో ఉన్న మొత్తాన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండు అంకెలు వేర్వేరుగా ఉండడం వల్ల ఒక వింత పరిస్థితి ఏర్పడుతుంది. ఏడాదికి 4 లక్షలు సంపాదించే వ్యక్తి, పరిమితి 3 లక్షలుగా ఉన్న రాష్ట్రంలో, జిల్లా కోర్టులోనూ హైకోర్టులోనూ సొంత డబ్బుతో న్యాయవాదిని పెట్టుకుని, అక్కడ ఓడిపోయి లేదా అవతలి పక్షం అప్పీలు చేయడం వల్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వస్తే, అక్కడ మాత్రం ఉచిత న్యాయ సహాయానికి అర్హుడు అవుతాడు. ఢిల్లీలో ఖర్చు ఎక్కువ అన్న సమర్థన ఉన్నప్పటికీ, కేసు బలంగా నిలబడేదీ కూలిపోయేదీ సాక్ష్యం నమోదయ్యే కింది కోర్టులోనే గనుక, సహాయం అవసరమైన చోటు అదే కావాలి.

‘ఆదాయం’ అంటే ఏమిటన్నది మరో కొలిక్కిరాని ప్రశ్న, ఎందుకంటే చట్టం ఆ మాటను నిర్వచించలేదు. పరిమితి 3 లక్షలనే అనుకుని ఒక తాపీ మేస్త్రీ సంపాదనను లెక్కగడితే ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలుస్తుంది. రోజుకు 900 రూపాయల చొప్పున నెలకు 26 రోజులు పని దొరికితే ఏడాదికి 2,80,800 రూపాయలు వస్తాయి, అతడు అర్హుడు. అదే కూలి 1,000 రూపాయలైతే మొత్తం 3,12,000 అవుతుంది, అనర్హుడు. కానీ అడ్డా మీద నిలబడి పనికి పోయేవాడికి ఏడాది పొడుగునా నెలకు 26 రోజులు పని దొరకదు. వానాకాలంలో స్లాబు పనులు ఆగిపోతాయి, పండుగలకు ఊరికి పోతారు. సగటున 20 రోజులే అనుకుంటే 1,000 రూపాయల కూలితో కూడా ఏడాది ఆదాయం 2,40,000 దాటదు. ఆటో డ్రైవరు విషయంలోనూ ఇంతే: రోజు కలెక్షన్‌ను ఆదాయంగా చూస్తే ఒక ఫలితం, గ్యాసు, మరమ్మతు, ఫైనాన్సు కంపెనీ వాయిదా పోగా చేతికి మిగిలిన దానిని చూస్తే మరొక ఫలితం. అర్హతను తేల్చేది అంకె కంటే ఎక్కువగా ఆ అంకెను చేరుకున్న పద్ధతే.

ఇక్కడ చట్టం దరఖాస్తుదారుడి పట్ల చూపిన నమ్మకం మెచ్చదగినది. 13వ సెక్షన్ ప్రకారం తన ఆదాయం గురించి ఆ వ్యక్తి సమర్పించే అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, దానిని నమ్మకపోవడానికి సంస్థకు తగిన కారణం ఉంటే తప్ప, అర్హతకు సరిపోయిన రుజువుగా స్వీకరించవచ్చు. తహసీల్దారు పత్రం ఉంటే పని సులువవుతుంది గానీ, అది లేనందువల్ల దరఖాస్తు కొట్టివేయాలని చట్టంలో లేదు. పైగా ధ్రువీకరణ పత్రం సాధారణంగా కుటుంబ ఆదాయాన్ని చూపుతుంది; 12వ సెక్షన్ మాట్లాడేది దరఖాస్తు చేసిన వ్యక్తి పొందే ఆదాయం గురించి. మేస్త్రీ తన ప్రమాణ పత్రంలో రోజు కూలి ఎంతో, ఏడాదిలో పని దొరికే రోజులు ఎన్నో విడివిడిగా రాయించుకుంటే, గుండుగుత్తగా ఒక మొత్తం రాసి తరువాత సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం రాదు. తప్పుడు వివరాలతో సహాయం పొందినట్లు బయటపడితే దానిని మధ్యలోనే ఉపసంహరించే అధికారం సంస్థకు ఉంది.

ఆదాయ పరీక్ష దాటినా, అసలు ఆ పరీక్షే అవసరం లేకపోయినా, అందరికీ వర్తించే షరతు మరొకటి ఉంది. కేసు వేయడానికో, తన మీద పడిన కేసును ఎదుర్కోవడానికో దరఖాస్తుదారుడికి ప్రాథమికంగా ఒక ఆధారం ఉందని సంస్థ సంతృప్తి చెందాలి. ఇది గెలుపు ఖాయమని నిరూపించడం కాదు. కాగితాలు చూసిన మీదట వినదగిన వివాదం ఉన్నదని తోచడం మాత్రమే.

దరఖాస్తు పద్ధతి జనం భయపడినంత కష్టమైనది కాదు. రంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎల్బీ నగర్‌ కోర్టుల ప్రాంగణంలోనే ఉంది. జిల్లా ప్రధాన న్యాయమూర్తి దానికి అధ్యక్షులు, రోజువారీ పనులు చూసే కార్యదర్శి కూడా న్యాయాధికారే. రాష్ట్ర స్థాయి సంస్థ కార్యాలయం పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయ సేవా సదన్ అనే భవనంలో ఉంది, హైకోర్టు కేసులకు అక్కడి కమిటీ వేరు. 2010లో నల్సా చేసిన నిబంధనల ప్రకారం దరఖాస్తును స్థానిక భాషలోనే, అంటే తెలుగులోనే, రాసి ఇవ్వవచ్చు. చదవను రాయను రానివారు నోటితో చెప్పిన విషయాన్ని సంస్థవారే రాసుకుని వేలిముద్ర తీసుకుంటే అదే దరఖాస్తు అవుతుంది. దాని మీద వెంటనే, ఎంత ఆలస్యమైనా ఏడు రోజులలోపు, నిర్ణయం తీసుకోవాలి. తిరస్కరిస్తే పై అధికారికి అప్పీలు చేసుకునే వీలుంది. ఇంటి నుంచే మొదటి సలహా కావలసినవారికి 15100 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది.

మంజూరైన సహాయం న్యాయవాది ఫీజుతో ఆగదు. కోర్టు ఫీజు, నోటీసులు పంపే ఖర్చు, తీర్పు నకళ్లు, పత్రాల అనువాదం, సాక్షుల ఖర్చు కూడా అందులో భాగమే. సంస్థ జాబితాలో ఉన్న ప్యానెల్ న్యాయవాదికి పారితోషికం సంస్థ నుంచే వస్తుంది గనుక, కక్షిదారుడి నుంచి అతడు ఏ పేరుతోనూ డబ్బు అడగకూడదు, పుచ్చుకోకూడదు. ఉచితంగా వచ్చే వకీలు మనసు పెట్టి వాదించడన్న అనుమానం కోర్టు మెట్ల మీద ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. అది పూర్తిగా నిరాధారమైనదని అనడం కష్టం, ఎందుకంటే ఆ పారితోషికం బయటి ఫీజులతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే నిబంధనలు ప్రతి సంస్థలోనూ కేసుల పురోగతిని చూసే పర్యవేక్షణ కమిటీని తప్పనిసరి చేశాయి. వాయిదాకు న్యాయవాది రాలేదన్న ఫిర్యాదు చేరవలసిన చోటు ఆ కమిటీయే. ఆ సంగతి తెలిసిన కక్షిదారులు మాత్రం అరుదు.

ఇతర దేశాల పద్ధతులతో పోలిస్తే భారతీయ పరీక్ష ఒక విషయంలో చాలా ఉదారమైనది. 1949 నుంచి న్యాయ సహాయ చట్టం ఉన్న ఇంగ్లండులో నెలవారీ స్థూల ఆదాయం 2,657 పౌండ్లు మించకూడదన్న నియమంతో పాటు, చేతిలో ఉన్న ఆస్తి విలువ 8,000 పౌండ్లు దాటకూడదన్న నియమమూ సివిల్ కేసులకు ఉంది. 2012లో వచ్చిన చట్టం సహాయం దొరికే కేసుల రకాలను కూడా బాగా కత్తిరించింది. అమెరికాలో సివిల్ కేసులకు నిధులిచ్చే లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ అక్కడి దారిద్ర్య రేఖకు 125 శాతాన్ని సాధారణ పరిమితిగా పెట్టుకుంది. మన 12వ సెక్షన్ ఆదాయాన్నే చూస్తుంది, ఆస్తి ఊసెత్తదు. విజయవాడ రహదారి వెంట ఒకప్పుడు గ్రామ పంచాయతీ లేఅవుట్లలో కొద్ది డబ్బుకు కొన్న ప్లాటు ధర ఆకాశానికి ఎక్కిన హయత్‌నగర్ వంటి చోట ఈ తేడా చిన్నది కాదు. ఒకే ప్లాటును ఇద్దరు ముగ్గురికి రిజిస్టరు చేయడం, హద్దులు చెరిపివేయడం, వారసులు అడ్డుపడడం ఇక్కడి సివిల్ దావాలకు తరచుగా కారణాలు. కాగితం మీద విలువైన స్థలం ఉండి జీతం మీదే బతికే మనిషిని ఆస్తిపరుడిగా లెక్కగట్టి వెనక్కి పంపే పరీక్ష అయితే, అతడు ఆ స్థలాన్ని కాపాడుకోవడానికే ఆ స్థలాన్ని అమ్ముకోవలసి వచ్చేది.

పరిమితి దాటిన మనిషికి రెండు తోవలు మిగులుతాయి. మొదటిది లోక్ అదాలత్: అక్కడ ఎవరి ఆదాయమూ అడగరు, కోర్టు ఫీజు ఉండదు, కోర్టులో పెండింగులో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన ఫీజు వాపసు వస్తుంది, అవార్డు మీద అప్పీలు ఉండదు. అయితే అవతలి పక్షం రాజీకి ఒప్పుకుంటేనే ఇది పని చేస్తుంది. రెండవది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 33వ ఆర్డరు. దావా విలువను బట్టి కట్టవలసిన కోర్టు ఫీజు భరించే స్తోమత లేని వ్యక్తి, తనను నిర్ధనుడిగా గుర్తించి ఫీజు లేకుండా దావా వేయనివ్వమని ఈ ఆర్డరు కింద కోరవచ్చు. దీనికి ఏటా ఇంత ఆదాయం అన్న గీత లేదు, ఫీజు కట్టగల వనరులు ఉన్నాయా అన్నదే ప్రశ్న. ఆ వనరులను లెక్కించేటప్పుడు జప్తుకు వీలులేని ఆస్తిని, ఏ ఆస్తి గురించి దావా నడుస్తున్నదో ఆ ఆస్తిని పక్కన పెట్టాలి గనుక, వివాదంలో ఉన్న ప్లాటు ఎన్ని లక్షలు పలికినా అది దరఖాస్తుదారుడికి అడ్డు కాదు. ప్రభుత్వ ప్లీడరుకూ ప్రతివాదికీ నోటీసు ఇచ్చి, వారి అభ్యంతరాలు విన్న తరువాతనే కోర్టు అనుమతిస్తుంది. వాది గెలిచిన పక్షంలో మొదట కట్టకుండా వదిలిన ఫీజును కోర్టు లెక్కగట్టి, ఎవరు కట్టాలో డిక్రీలో చెబుతుంది. ఆ మొత్తం వసూలయ్యేదాకా గెలుచుకున్న ఆస్తి మీద తొలి హక్కు ప్రభుత్వానిదే.